గల్ఫ్‌లో తొలి ఎండాకాలం: ఒంటిని కాపాడే రోజువారీ అలవాట్లు

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచో, కడప, కోనసీమ నుంచో గల్ఫ్‌కు వచ్చేవాళ్లకు ఎండ కొత్త కాదు. రోహిణి కార్తె ఎండల్లో పని చేసిన ఒళ్లు, ఇదో లెక్కా అనుకుంటారు. తొలి దెబ్బ తగిలేది ఆ ధీమాతోనే. ఊళ్లో పొద్దున్నే చేలోకి వెళ్లి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి చెట్టు నీడకు చేరతాం. అలసటగా ఉంటే కాసేపు కూర్చుంటాం. ఇక్కడ ఎప్పుడు ఆగాలో మన చేతిలో ఉండదు. కింద కాంక్రీటు, పక్కన ఇనుము, రెండూ వేడిని మన మీదికే కొడతాయి.

కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. దుబాయ్, దోహా, దమ్మామ్ లాంటి తీర పట్టణాల్లో అంకె ఇంతకంటే తక్కువగా కనిపించినా గాలిలో తేమ ఎక్కువ. ఒళ్లు చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల. తేమ గాలిలో చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. నీళ్లూ పోతాయి, ఉప్పూ పోతుంది, చల్లదనం మాత్రం రాదు. అందుకే రియాద్‌లో 45 డిగ్రీల పొడి ఎండ కంటే ఆగస్టులో దోహా 40 డిగ్రీలు ఎక్కువ కష్టపెట్టవచ్చు.

ఒంటికి ఈ వేడి అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లోనే చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. అంతవరకు మీరు ఎంత బలవంతులైనా ఇక్కడి ఎండకు పసివాళ్లే. పని భద్రత నిపుణులు చెప్పే పద్ధతి ఇది: కొత్త మనిషికి తొలిరోజు ఎండలో మామూలు పనిలో ఐదో వంతే ఇవ్వాలి, తర్వాత రోజుకో ఐదో వంతు చొప్పున పెంచాలి. దీన్ని మీ అంతట మీరే ఫోర్‌మన్‌ను అడగండి. "నయా ఆద్మీ హై, పహలే ఛాఁవ్ మేఁ కామ్ దో" (కొత్త మనిషిని, ముందు నీడలో పని ఇవ్వండి) అంటే అర్థం కాని ఫోర్‌మన్ అరుదు. తొలి వారమే పనితనం చూపించి మెప్పు పొందాలన్న తొందర వద్దు. వడదెబ్బకు పడిపోయేవాళ్లలో తొలి రోజుల్లో ఉన్నవాళ్లే ఎక్కువ.

ఇక నీళ్లు. దాహం వేసినప్పుడు తాగుదాం అనుకుంటే ఆలస్యమైనట్టే, దాహం తెలిసేసరికి ఒంట్లో నీళ్లు తగ్గే ఉంటాయి. గడియారం చూసి తాగాలి. ఎండలో పని చేసేటప్పుడు ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే పావు లీటరు. గంటకు ముప్పావు లీటరు అవుతుంది. సొంతంగా 2 లీటర్ల కూలింగ్ జగ్గు ఒకటి కొనుక్కోండి. అందరికీ కలిపి ఒకే డ్రమ్ము ఉంటే ఎవరు ఎంత తాగారో ఎవరికీ తెలియదు. ఐదున్నరకు పని మొదలైతే మీ జగ్గు ఎనిమిదిన్నరకల్లా ఖాళీ కావాలి. కాకపోతే తక్కువ తాగుతున్నారని అర్థం, లెక్క అంతే. బస్సెక్కే ముందు రూమ్‌లోనే రెండు గ్లాసులు తాగండి. అలాగని ఒక్కసారే గటగటా తాగేయకూడదు. గంటకు సుమారు లీటరున్నర దాటితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక మొదలుకావచ్చు. అదీ ప్రమాదమే.

టాయిలెట్ దూరంగా ఉందనో, మాటిమాటికీ వెళ్తే సూపర్‌వైజర్ ఏమంటాడోననో నీళ్లు తగ్గించేవాళ్లు చాలామంది. కిడ్నీలో రాళ్లకు, తర్వాత కిడ్నీ దెబ్బతినడానికి దారి ఇదే. ఎంత తాగినా సరిపోతోందా లేదా అని తెలుసుకోవాలంటే మూత్రం రంగు చూడండి. లేత గడ్డి రంగులో ఉంటే సరే. ఆవనూనె రంగుకు వచ్చిందంటే వెంటనే తాగాలి. టీ డికాషన్ రంగులో వచ్చి, కండరాలు బాగా నొప్పిగా ఉంటే మాత్రం నీళ్లతో సరిపెట్టకండి, అదేరోజు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. వేడికి, శ్రమకు కండరాలు దెబ్బతిని ఆ వ్యర్థం కిడ్నీల్లోకి చేరితే మూత్రం ఆ రంగులో వస్తుంది.

నీళ్లతో పాటు ఉప్పూ కావాలి, కానీ కొలత ప్రకారం. మూడు పూటలా పచ్చడి, పప్పు, చారుతో తినేవాళ్లకు మామూలు రోజుల్లో అదే చాలు, ఉప్పు బిళ్లలు మింగాల్సిన పనిలేదు. చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కట్టే రోజుల్లో ఒక లీటరు ఓఆర్ఎస్ తాగండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నీ పోయాలి, చిక్కగా ఉంటే మేలని తగ్గించకూడదు. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, పైన గుట్టగా కాకుండా గీసి సమం చేసినది. ఉప్పు ఎక్కువైతే దాహం పెరుగుతుంది, చక్కెర ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. ఇక్కడ ఏ బకాలాలో (చిన్న కిరాణా కొట్టులో) అడిగినా దొరికే లబన్‌లో (తాగే పెరుగులో) సగం నీళ్లు కలిపి చిటికెడు ఉప్పు వేస్తే మన మజ్జిగే, సాయంత్రానికి బాగుంటుంది. ఎనర్జీ డ్రింకు డబ్బాలు మాత్రం ఎండలో వద్దు. వాటిలో కెఫీన్ గుండె వేగం పెంచి అలసటను కప్పిపెడుతుంది, ఆగాల్సిన చోట ఆగనివ్వదు.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు బయల్దేరే ముందే తమ డాక్టర్‌తో "ఎండలో పని" అన్న మాట చెప్పి మందులు చూపించుకోవాలి. బీపీ మాత్రల్లో, షుగర్ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువగా పోయేలా చేస్తాయి. ఎండలో వాటి మోతాదు మార్చాల్సి రావచ్చు, అది డాక్టరే మార్చాలి. మీ అంతట మీరు మానేయడం ఇంకా ముప్పు.

చాలామందికి తెలియని ప్రమాదం నొప్పి మాత్రల్లో ఉంది. డ్యూటీ దిగాక ఒళ్లునొప్పులకు రోజూ ఒక డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, కాంబిఫ్లామ్ వేసుకునే అలవాటు కార్మికులు ఉండే క్యాంపుల్లో మామూలైపోయింది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా ఒళ్లు ఒక ఏర్పాటు చేసుకుంటుంది. ఈ మాత్రలు సరిగ్గా దాన్నే అడ్డుకుంటాయి. ఎండలో ఆరిపోయిన ఒంటికి రోజూ ఇవి పడితే నెలల తరబడి ఏ నొప్పీ లేకుండానే కిడ్నీలు పాడవుతాయి. తప్పదనుకుంటే పారాసిటమాల్ వేసుకోండి, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, మద్యం తాగేవాళ్లు అది కూడా డాక్టర్‌ను అడిగాకే. రోజూ మాత్ర లేనిదే పని కాదనిపిస్తే అది మాత్రతో తీరే నొప్పి కాదు, క్లినిక్‌లో చూపించుకోవాలి.

మందుల మాట వచ్చింది కాబట్టి సామాను సంగతి. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులు ఇక్కడ నియంత్రిత మందులు, అనుమతి లేకుండా తెస్తే కేసవుతుంది. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే తెచ్చుకోండి. ఇంట్లో అమ్మ కూరపొడి డబ్బాలో గసగసాలు పెట్టి ఉంటే తీసేయమనండి. యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో గసగసాలు నిషిద్ధం. గుట్కా కూడా అంతే.

తిండిలో ఎక్కువ పొరపాటు జరిగేది అన్నం బాక్సు దగ్గర. రాత్రి తొమ్మిదికి వండి, పొయ్యి మీదే వదిలేసి, తెల్లవారుజామున నాలుగుకు బాక్సులో పెట్టి, మధ్యాహ్నం పన్నెండుకు తింటారు. గోరువెచ్చటి అన్నంలో ఒక రకం సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీళ్లు పోయి, మర్నాడు ఎండలో నిలబడితే వడదెబ్బకు తలుపు తీసినట్టే. అన్నం వండగానే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, గంటలోపు చల్లారబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున పొగలొచ్చేదాకా వేడి చేసి, ముందుగా మరుగు నీళ్లు పోసి వంపేసిన థర్మస్ డబ్బాలో నింపాలి. తెరిచేసరికి పొగ రాకపోతే, పుల్లగా వాసనేస్తే పారేయండి. ఖుబ్బూస్ (ఇక్కడి రొట్టె) పొడిగా ఉంటుంది కాబట్టి ఎండాకాలం బాక్సుకు అన్నం కంటే అదే సురక్షితం. దాంతో గట్టి పప్పు, రెండు ఉడికించిన గుడ్లు, దోసకాయ ముక్కలు విడిగా ఉంటే చాలు. రాత్రి పదకొండుకు కడుపునిండా అన్నం తిని పడుకుంటే నిద్రా పట్టదు, పొట్టా తగ్గదు. పెద్ద భోజనం డ్యూటీ నుంచి రాగానే తినేయండి.

నిద్ర దగ్గర మన దేశపు గడియారం మనల్ని మోసం చేస్తుంది. సౌదీ, కువైట్, ఖతర్ కంటే ఇండియా రెండున్నర గంటలు, యూఏఈ కంటే గంటన్నర ముందుంటుంది. రియాద్‌లో రాత్రి పదికి ఫోన్ చేస్తే ఇంట్లో పన్నెండున్నర. ఇద్దరి నిద్రా పోతుంది. సాయంత్రం ఆరుకు చేస్తే ఇంట్లో ఎనిమిదిన్నర, పిల్లలు మెలకువగా ఉంటారు. నాలుగున్నరకు బస్సు ఉన్నవాళ్లు తొమ్మిదికల్లా పడుకుంటేనే ఏడు గంటల నిద్ర. పగటి వేడి నుంచి గుండె తేరుకునేది చల్లటి గదిలో పడుకున్న ఆ గంటల్లోనే. ఏసీ 24 దగ్గర ఉంచండి, ఫిల్టర్‌ను పదిహేను రోజులకోసారి కడగండి. ఏసీ పాడైతే అదేరోజు క్యాంప్ బాస్‌కు రాసివ్వండి. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వేడిగాలినే కొడుతుంది, తడిగుడ్డ ఒంటి మీద వేసుకోవాల్సిందే.

తొడల మధ్య తామర వస్తే మెడికల్ షాపులో తోచిన ట్యూబ్ కొనకండి. స్టెరాయిడ్ కలిసిన క్రీము మొదట దురద తగ్గించి తర్వాత తామరను పెంచుతుంది. లోబట్టలు రోజూ మార్చి, పూర్తిగా ఆరినవే వేసుకోవాలి. సేఫ్టీ షూలోకి మధ్యాహ్నం మార్చుకోవడానికి రెండో జత కాటన్ సాక్సులు దగ్గర ఉంచుకోండి.

కువైట్ ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకు ఎండ కంటే వంటగది వేడి, బాత్రూమ్ కడిగే మందులు ఎక్కువ ప్రమాదం. క్లోరాక్స్‌నూ (బ్లీచ్), యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌నూ ఎప్పుడూ కలపకండి, ఒకదాని మీద ఒకటి పోయకండి. క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరి ఆడదు. కళ్లు మండి దగ్గు వస్తే ముందు బయటికి వచ్చేయండి, శుభ్రం చేయడం తర్వాత.

పక్కనున్న మనిషి వడదెబ్బకు పడిపోతే గుర్తు ఇది: ఒళ్లు కాలిపోతూ ఉంటుంది, మాట తడబడుతుంది, అడిగినదానికి సంబంధం లేని జవాబు వస్తుంది. చెమట పట్టి ఉన్నా వడదెబ్బ కావచ్చు. ఒకరు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి: యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999. మిగతావాళ్లు నీడకు మోసుకెళ్లి, బూట్లు, కవరాల్ తీసేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ అట్టముక్కతో విసరాలి. ఐస్ ఉంటే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బండి వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు. ఆ పది ఇరవై నిమిషాలే ప్రాణం నిలబెడతాయి.

మధ్యాహ్నం ఎండలో బయటి పని ఆపడం చట్టం. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా 12:30 నుంచి 3 వరకు, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి 3:30 వరకు, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా 11 నుంచి 4 వరకు, ఒమన్‌లో అవే నెలల్లో 12:30 నుంచి 3:30 వరకు. ఆ గంటల్లో ఫోన్ చూస్తూ కూర్చోకుండా బూట్లు విప్పి, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని పడుకోండి.

పాతవాళ్లకు కూడా ఒక మాట. సెలవు మీద నెలరోజులు ఇంటికి వెళ్లి వస్తే ఒంటికి అయిన అలవాటు పోయి ఉంటుంది. జూలైలో తిరిగి వచ్చే టికెట్ అయితే తొలి వారం మీరూ కొత్తవాళ్లే. నీడ పని అడగండి, జగ్గు మళ్లీ గడియారం చూసి ఖాళీ చేయండి.