ఇంటికొచ్చే నటుడి జ్ఞాపకాలు రాయడం ఎలా

చిన్నప్పుడు మీ ఇంటికి ఓ పేరున్న నటుడు వస్తూ పోతూ ఉండేవాడా? అవి రాసిపెట్టమని పిల్లలు పోరుతున్నారా? మా అమ్మాయి రెండేళ్ళు నా వెంటపడితే మొన్న వేసవిలో కూర్చున్నాను. అందులో నేను పడ్డ తిప్పలు మీకు పనికొస్తాయేమో చూడండి.

ముందు ఆయన సినిమాల లిస్టు పక్కన పెట్టేయండి, అది నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది. అందరూ రాసేవీ వద్దు. మద్రాసు టి.నగర్‌లో పెరిగినవాళ్ళెవరైనా సరే, తిరుపతి యాత్రికుల బస్సులు బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగేవని రాస్తారు. నేనూ రాశాను, తర్వాత కొట్టేశాను. మీ ఇంట్లో మీకు మాత్రమే కనబడింది రాయండి. మా ఇంటికొచ్చే ఆయన్ని మావయ్య అనేవాళ్ళం, తెర మీద విలన్. వాహినీలో షూటింగ్ అయ్యాక వస్తే చెవుల వెనక తుడవడం మర్చిపోయిన మేకప్ ఉండేది, మీసం అంటించి పీకిన చోట పైపెదవి ఎర్రగా కందిపోయి ఉండేది. ఆయన్ని చూడగానే మా చెల్లెలు మంచం కిందకి దూరేది. అంత మనిషీ నేల మీద బోర్లా పడుకుని, "సినిమాలో కొట్టింది నేను కాదే, మా అన్న" అని బతిమాలేవాడు.

ఇక తేదీలు. అందరం బోల్తా పడేది ఇక్కడే. ఒక రాత్రి మావయ్య మా ఇంట్లో కంచం ముందు కూర్చుని, అన్నంలో ఆవకాయ కలిపి, ముద్ద చేత్తో పట్టుకుని అలాగే చాలాసేపు ఉండిపోయి, తినకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. అది ఘంటసాల పోయిన రోజని నేను నలభై ఏళ్ళు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఆయన పోయింది 1974 ఫిబ్రవరి 11న. తీరా రాస్తుంటే ఆ రాత్రి అమ్మ అన్న మాట గుర్తొచ్చింది: "కొత్తావకాయ అన్నయ్యగారూ, రుచైనా చూడండి." ఫిబ్రవరిలో కొత్తావకాయ ఎక్కడిది? అదే ఏడాది జూలై 18న ఎస్వీ రంగారావు పోయారు. మావయ్య ముద్ద దిగనిది ఆ రోజే అయ్యుండాలి.

అందుకే సంవత్సరం గుర్తు రాకపోతే ఊరగాయలు, పండగలు, స్కూలు సెలవులు, అద్దె ఇల్లు మారిన రోజులు పట్టుకోండి. పాత విజయచిత్ర సినిమా పత్రికలు దొరికితే తిరగేయండి, ఏ సినిమా ఎప్పుడు సెట్ మీద ఉందో కొంత తెలుస్తుంది. ఫోటోలు ఆల్బమ్‌లోంచి తీసి వెనక చూడండి, స్టూడియో ముద్రో, నాన్న పెన్సిల్‌తో రాసిన తేదీయో ఉండొచ్చు. మాటలు అచ్చంగా గుర్తుంటేనే కోట్స్‌లో పెట్టండి, లేకపోతే సినిమా డైలాగుల్లా తయారవుతాయి.

అప్పులు, తాగుడు, ఇంట్లో గొడవలు లాంటివి వస్తే మాత్రం ఆయన పిల్లలకి చూపించకుండా బయటపెట్టకండి. నేనిక్కడ మావయ్య పేరు రాయకపోవడానికి కారణం అదే, వాళ్ళింకా పూర్తిగా చదవలేదు. వాళ్ళబ్బాయికి ఆవకాయ పేజీ ఒక్కటి ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా ఇంట్లో నాన్న ఆవకాయ ముట్టేవాడే కాదు, కడుపులో పుండని" అన్నాడు. అదీ ఆ పేరా కిందే రాసుకున్నాను.