కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో వీడియో ప్రొడక్షన్: కొత్తగా చేరినవారికి

ముందు యూనిట్ల (ప్రతి క్లాసుకు ఇచ్చే క్రెడిట్ల) లెక్క చూసుకోండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చినవారు టర్మ్‌కు కనీసం 12 యూనిట్లు చదవాలి. అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అదీ 3 యూనిట్ల వరకే లెక్కకొస్తుంది. కెమెరా, ఎడిటింగ్, సౌండ్ మూడూ ఒకే టర్మ్‌లో పెట్టుకోకండి, ఫైనల్ ప్రాజెక్టులన్నీ ఒకే వారంలో మీద పడతాయి. రెండు ప్రొడక్షన్ క్లాసులు, మిగతావి జనరల్ ఎడ్యుకేషన్ తీసుకుంటే ఊపిరాడుతుంది. తర్వాత నాలుగేళ్ల డిగ్రీకి యూసీకో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), కాల్ స్టేట్‌కో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) మారాలనుకుంటే ఏ క్లాసు అక్కడ చెల్లుతుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో చూశాకే రిజిస్టర్ చేసుకోండి.

కెమెరాలు, లైట్లు ఇచ్చే గదిని ఇక్కడ కేజ్ అంటారు. సామాను తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే బ్యాగు తెరవండి. లెన్స్ రెండు వైపులా ఫోన్ టార్చ్ వేసి చూడండి, బ్యాటరీలు లెక్కపెట్టండి. ఎక్కువగా పోయేది ట్రైపాడ్ ప్లేట్, అంటే కెమెరాను ట్రైపాడ్‌కు బిగించే చిన్న పలక. అది కెమెరా అడుగునే ఉండిపోతుంది, ట్రైపాడ్ మాత్రం వాపసు వెళ్తుంది. ఆ తర్వాత తీసుకున్నవారి షూటింగ్ ఆగిపోతుంది.

సెట్లో స్టింగర్ తెమ్మంటే ఎక్స్‌టెన్షన్ వైరు, సీ-47 అంటే చెక్క బట్టల క్లిప్పు. సీ-స్టాండ్ (లైట్లు, తెరలు పట్టుకునే మూడు కాళ్ల ఇనుప స్టాండు) కాళ్లలో ఎత్తుగా ఉన్నదాన్ని బరువు వేలాడే వైపుకు తిప్పి, ఇసుక సంచి దాని మీదే వేయండి. లేకపోతే లైటు మనిషి మీద పడుతుంది.

కరెంటు దగ్గరే మనవాళ్లు ఎక్కువ తడబడతారు. ఇక్కడ 120 వోల్టులు. 15 ఆంపియర్ల లైను మీద మొత్తం 1800 వాట్లు, గంటల తరబడి వాడితే 1440 దాటకూడదు. అంటే వెయ్యి వాట్ల లైటు ఒక్కటే. రెండోది అదే గదిలో వేరే ప్లగ్గుకు పెట్టినా చాలాసార్లు బ్రేకర్ ఒకటే కాబట్టి అది ట్రిప్ అయి కరెంటు పోతుంది. స్టింగర్ వేసి వేరే బ్రేకర్ ఉన్న గది నుంచి లాక్కోండి.

ఇండియా నుంచి తెచ్చిన కెమెరా పాల్ (అక్కడి వీడియో పద్ధతి) సెట్టింగులో, సెకనుకు 25 ఫ్రేముల్లో ఉంటుంది. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అందుకే ట్యూబ్‌లైట్ల కింద తీస్తే చారలు పాకుతాయి. ఎన్‌టీఎస్‌సీకి (ఇక్కడి పద్ధతికి) మార్చి, 23.976 ఫ్రేములు, షట్టర్ 1/60 పెట్టండి. సౌండ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మాటలు రికార్డయ్యేటప్పుడు సౌండ్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు. వంటింట్లో తీస్తే దాని మోత రికార్డు కాకుండా ఫ్రిజ్ ఆపి, కారు తాళాలు అందులో పెట్టండి. ఇంటికి బయల్దేరేటప్పుడు ఫ్రిజ్ వేయడం మరిచిపోరు.

చేతిలో కెమెరా చూస్తే మనవాళ్లే పెళ్లికో, ఓణీల ఫంక్షన్‌కో వీడియో తీసి పెట్టమని, డబ్బులిస్తామని అడుగుతారు. ఒప్పుకోకండి. అనుమతి లేకుండా డబ్బుకు పనిచేస్తే ఎఫ్-1 స్టేటస్ పోతుంది. బయట పనికి సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) కావాలంటే ఒక విద్యా సంవత్సరం పూర్తి కావాలి, ఆ పని కోర్సులో భాగమై ఉండాలి, ఆ అనుమతి రాసిన కొత్త ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం) చేతికి వచ్చాకే మొదలుపెట్టాలి. క్యాంపస్‌లో అయితే క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు చేయవచ్చు. కేజ్‌లో ఖాళీ ఉందేమో మొదటి వారంలోనే అడగండి. అక్కడ పనిచేస్తే కాలేజీలో ఉన్న ప్రతి లెన్స్, ప్రతి కేబుల్ చేతికి తెలుస్తుంది.