పేపర్ వచ్చింది, చదివినవాళ్లే లేరు: తిరుపతి స్కాలర్ల తిప్పలు

సమస్య: పరిశోధన పేపర్లను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో, మీ ప్రొఫైల్‌లోకి ఎవరివో పేపర్లు చేరాయి. మీవి రెండు కనబడట్లేదు.

కారణం మన పేర్లే. తిరుపతి బస్సులో ‘వెంకటేశ్’ అని పిలిస్తే సగం మంది తిరిగి చూస్తారు. దానికి తోడు ఇంటిపేరు ఒక పేపర్లో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోచోట ఉత్త పొడి అక్షరం. ఎవరు ఎవరో గూగుల్ స్కాలర్‌కు ఎలా తెలుస్తుంది?

పరిష్కారం: కొత్త పేపర్లను తనంతట తాను చేర్చకుండా, ముందు మెయిల్‌లో అడిగేలా సెట్టింగ్ మార్చండి. మీవి కానివి తీసేయండి, మీవి వెతికి చేర్చండి. తర్వాత ఆర్కిడ్ (ORCID) నంబర్, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, తీసుకోండి. 16 స్థానాలుంటాయి, ఉచితం. మీ పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో అన్నీ అందులో ఎక్కించండి. ఇకపై ఒకే స్పెల్లింగ్ వాడండి. న్యూమరాలజీ చూసి మధ్యలో అక్షరం కలిపితే మళ్లీ మొదటికొస్తుంది. ఆర్కిడ్‌లో సొంత మెయిల్ కూడా ఇవ్వడం మరవొద్దు. నేను క్యాంపస్ మెయిల్ ఒక్కటే ఇచ్చాను, పీహెచ్‌డీ అయ్యాక అది మూసేశారు. పాస్‌వర్డ్ గుర్తులేదు. ఆ టెన్షన్ మీకొద్దు.

సమస్య: పేపర్ గురించి పోస్ట్ పెడితే ‘కంగ్రాట్స్ సార్’ తప్ప ఇంకేమీ రాలేదు.

మీరు పెట్టింది మొదటి పేజీ ఫోటో. దాన్ని నొక్కితే పేపర్ తెరుచుకోదు. ఏం తేలిందో మూడు వాక్యాల్లో రాసి, ఒక పటం, డీఓఐ (పేపర్‌కు ఉండే శాశ్వత చిరునామా) లింకు ఇవ్వండి. వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద పనైతే ఇంగ్లీషు పోస్టుతో ఆగకండి, రైతుల వాట్సాప్ గ్రూపుకు తెలుగులో చిన్న ఆడియో పంపండి. శేషాచలంలో ఎర్రచందనం మీద పనిచేసేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఫోన్ ఫోటోలో లొకేషన్ దాగుంటుంది, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అదీ వెళ్లిపోతుంది. చెట్టు ఎక్కడుందో దొంగలకు మనమే చెప్పినట్టవుతుంది.

సమస్య: పరిశోధకులు పేపర్లు పంచుకునే రీసెర్చ్‌గేట్ సైట్‌లో పెట్టిన పీడీఎఫ్ తీసేశారు.

అది పబ్లిషర్ అచ్చువేసిన కాపీ అయ్యుంటుంది, హక్కులు వాళ్లకు రాసిచ్చేసి ఉంటారు. జర్నల్ ఒప్పుకుంటే, రివ్యూ అయ్యాక మీరు పంపిన చివరి వర్డ్ ఫైల్ పెట్టండి. కొన్ని జర్నళ్లు కొన్ని నెలలు ఆగమంటాయి, ఆ షరతు చూసుకోండి.

సమస్య: లింక్డ్‌ఇన్‌లో పెద్ద ప్రొఫెసర్లు జవాబివ్వరు.

‘హాయ్ సార్’ అంటే ఎవరిస్తారు? వాళ్ల పేపర్ చదివి ఒక్క ప్రశ్న అడగండి. వాతావరణాన్ని పరిశీలించే గాదంకి రాడార్ డేటా మీద రాసినవాళ్లయితే, ‘మూడో పటంలో వర్షాకాలం నెలలు ఎందుకు వదిలేశారండీ?’ అనండి. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) ఖాళీ ఉందా అన్నది రెండో మెసేజ్‌కు ఉంచుకోండి.