క్లాసులో ఆఖరి ఐదు నిమిషాలు రాయించండి, ఏ సబ్జెక్టు అయినా సరే

విజయవాడ, గుంటూరు డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్సో కామర్సో చెప్పేవాళ్ల కోసం ఇది. రాయించడం తెలుగు, ఇంగ్లీషు లెక్చరర్ల పని అనుకుంటాం గానీ, మన పాఠం పిల్లలకు ఎంత ఎక్కిందో వాళ్ల సొంత మాటల్లో రాస్తేనే బయటపడుతుంది. "అర్థమైందా?" అంటే అరవై మందీ "అర్థమైంది సార్" అనే అంటారు.

ముందు ప్రశ్న సంగతి చూసుకోండి, అసలు పనంతా అందులోనే ఉంది. "పీడనమును నిర్వచింపుము" అంటే గైడులో ఉన్న రెండు లైన్లు బట్టీ కొట్టి దించేస్తారు. "ప్రకాశం బ్యారేజీ గేటు కాస్త ఎత్తితే కింద నుంచి నీళ్లు అంత జోరుగా ఎందుకు తన్నుకొస్తాయి? ఇంటర్ చదివే మీ తమ్ముడికి చెప్పినట్టు రాయండి" అని అడిగి చూడండి. 2024 సెప్టెంబరు వరదకు ఆ బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు కాబట్టి సెకనుకు 3 కోట్ల లీటర్ల పైమాటే. ఆ లెక్క కట్టించి, దాని పక్కన రెండు వాక్యాలు రాయమనండి. అదే వరదలో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం కృష్ణ కాదు, బుడమేరు వాగు, అలా ఎందుకైందో జాగ్రఫీ వాళ్లు రాయించవచ్చు. కామర్స్‌లో అయితే, గుంటూరు యార్డుకు వంద టిక్కీల (బస్తాల) మిర్చి తెచ్చిన రైతు ఇవాళే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? అద్దె, అప్పు మీద వడ్డీ, రేటు మూడూ చూసుకుని ఆయనకు ఒక ఉత్తరం రాయమనండి.

అర కాగితం, ఐదు నిమిషాలు, మార్కులు లేవు. తెలుగులో రాసినా, ఇంగ్లీషు కలిపి రాసినా ఒప్పుకోండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఆలోచించేది తెలుగులోనే, అది ఆపేస్తే ఆలోచన కూడా ఆగిపోతుంది.

దిద్దకండి. మొదటి ఏడాది నేను ప్రతి స్పెల్లింగుకూ ఎర్ర గీత గీశాను, మరుసటి వారానికి అందరూ తప్పు పోదనుకున్న చిన్న చిన్న మాటలే రాసి ఊరుకున్నారు, ఆలోచన ఒక్కటీ లేదు. ఇప్పుడు మూడు కట్టలు చేస్తాను: అర్థమైనవాళ్లు, సగం అర్థమైనవాళ్లు, దారి తప్పినవాళ్లు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

మర్నాడు వాటితోనే పాఠం మొదలుపెట్టాలి, ఇది మాత్రం వదలొద్దు. పేరు చెప్పకుండా ఒకటి చదవండి. "నీళ్లు బరువుగా ఉంటాయి కాబట్టి" అని ఒకరు రాశారనుకోండి, తప్పు అని కొట్టేయకుండా "ఏ నీళ్ల బరువు? పక్కనున్నవా, పైనున్నవా?" అని క్లాసును అడగండి. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుందన్న సంగతి వాళ్ల నోటితోనే వస్తుంది, మీరు బోర్డు మీద సూత్రం రాసేసరికి అది వాళ్లకు తెలిసిన విషయంలా కనిపిస్తుంది.

ల్యాబ్ రికార్డులు సీనియర్లవి చూసి రాసేస్తారు కదా, చివర ఒక్క ప్రశ్న పెట్టండి చాలు: నీ రీడింగు పక్క బెంచీ వాళ్లకంటే ఎందుకు తేడా వచ్చింది?

అన్ని సెక్షన్లలో ఒకేసారి వద్దు, ఒక్క సెక్షన్‌తో వారానికి ఒక్కసారి మొదలుపెట్టండి. కాగితాలు పారేయకండి, సెమిస్టరు చివర ఎవరివి వాళ్లకిచ్చి, మొదటి వారం ప్రశ్నకే మళ్లీ జవాబు రాయమనండి.