ఆన్‌లైన్ క్లాసులో ఒకరి రచన ఒకరు సమీక్షించుకోవడం: సమస్యలు - పరిష్కారాలు

సమస్య: కామెంట్లన్నీ "బాగుంది", "చక్కగా రాశావు" దగ్గరే ఆగిపోతున్నాయి.

కారణం విద్యార్థుల బద్ధకం కాదు, మనం అడిగిన తీరు. "మీ అభిప్రాయం రాయండి" అంటే దేనికోసం వెతకాలో వాళ్లకు తెలియదు. స్నేహితుడు నొచ్చుకుంటాడేమోనన్న బెరుకు కూడా తోడవుతుంది.

పరిష్కారం: అభిప్రాయం అడగకండి, పని చెప్పండి. మూడు పనులు చాలు. వ్యాసం చెప్పదలచుకున్న అసలు మాట ఏ వాక్యంలో ఉందో హైలైట్ చేయాలి. దొరక్కపోతే దొరకలేదనే రాయాలి. రెండోసారి చదవాల్సి వచ్చిన ఒక చోటు చూపించి, ఎందుకు తడబడ్డారో ఒక వాక్యంలో చెప్పాలి. చివరగా, వ్యాసంలో జవాబు లేని ప్రశ్న ఒకటి రచయితను అడగాలి.

వీటిలో మొదటిదాన్ని మాత్రం ఎప్పుడూ వదలొద్దు. తను అనుకున్న వాక్యం ఒకటి, చదివినవాళ్లు గుర్తుపట్టింది ఇంకొకటి అయితే, ఎక్కడ దిద్దాలో రచయితకే తెలిసిపోతుంది. అసలు సమీక్షకు ముందు స్క్రీన్ షేర్ చేసి, క్లాసులో ఎవరిదీ కాని ఒక పేరా మీద అందరిచేతా 10 నిమిషాలు ఇదే సాధన చేయించండి.

సమస్య: అక్షరదోషాలు తప్ప ఇంకేమీ పట్టించుకోవడం లేదు.

కంటికి ముందు ఆనేవి అవే కదా. కానీ రేపు కొట్టేయబోయే పేరాలో దోషాలు దిద్ది లాభం లేదు. మొదటి విడతలో వాటి జోలికి పోవద్దని చెప్పి, చివరి ప్రతికి విడిగా ఒక విడత పెట్టండి.

సమస్య: బ్రేకవుట్ రూముల్లో (వీడియో క్లాసులో చిన్న గ్రూపులుగా విడగొట్టే గదుల్లో) ఎవరూ నోరు విప్పడం లేదు.

చదవడం, ఆలోచించడం, మాట్లాడడం అన్నీ ఒకేసారి చేయమంటే మౌనమే మిగులుతుంది. ముందు మెయిన్ రూములోనే అందరూ మ్యూట్‌లో ఉండి చదివి, కామెంట్లు రాయాలి. 500 పదాల వ్యాసానికి 12 నిమిషాలు ఇవ్వండి. తర్వాత రూములకు పంపి, ఒక్కో వ్యాసానికి 6 నిమిషాలు కేటాయించండి. రూముకు ముగ్గురు ఉండాలి. ఇద్దరే ఉంటే, ఒకరి నెట్ పోగానే రెండోవారు ఒంటరైపోతారు.

సమస్య: కామెంట్ పెట్టడం కుదరడం లేదు, లేదా రాసినదే చెరిగిపోయింది.

గూగుల్ డాక్స్ లింకు "వ్యూయర్"గా ఇస్తే కామెంట్ పడదు, "ఎడిటర్"గా ఇస్తే ఎవరైనా చెరిపేయగలరు. "కామెంటర్"గా ఇప్పించండి. చెరిగినదాన్ని వెర్షన్ హిస్టరీలోంచి (డాక్యుమెంట్ పాత రూపాల జాబితాలోంచి) వెనక్కి తేవచ్చు. గూగుల్ క్లాస్‌రూమ్‌లో టర్న్ ఇన్ చేశాక (సమర్పించాక), దాన్ని వెనక్కి తీసుకుంటే తప్ప విద్యార్థి తన డాక్యుమెంట్‌ను మార్చలేడు, కాబట్టి సమీక్ష, దిద్దుబాటు రెండూ అంతకుముందే పూర్తి కావాలి.

సమస్య: కొందరికి సమీక్షే అందలేదు.

డ్రాఫ్టులు రాకముందే జతలు కట్టేసి ఉంటారు. గడువు ముగిశాక, ఇచ్చినవాళ్ల మధ్యే పంచండి. ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్ మూడిల్‌లో ఇలాంటి సమీక్షల కోసం ఉన్న వర్క్‌షాప్‌లో రాండమ్ కేటాయింపుకీ ఇదే వరస.

సమస్య: కామెంట్లు అందినా డ్రాఫ్ట్ మారడం లేదు.

మార్చినా మార్చకపోయినా మార్కులు ఒకటే అయితే ఎవరు మారుస్తారు? చివరి ప్రతితో పాటు నాలుగైదు వాక్యాల నోట్ అడగండి: ఏ సూచన తీసుకున్నారు, ఏది వద్దనుకున్నారు, ఎందుకు. ఆ నోట్‌కీ మార్కులు వేయండి. సరైన కారణం చూపి సూచనను కాదన్నవారికి మార్కులు తగ్గించకండి.