డార్మ్‌లో మొదటి ఆరు వారాలు: మందు విషయంలో ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆగస్టు వచ్చిందంటే అమెరికా యూనివర్సిటీల్లో డార్మ్‌లు, అంటే హాస్టళ్లు, మళ్లీ నిండుతాయి. పద్దెనిమిదేళ్ల పిల్లలు మొదటిసారి ఇల్లు వదిలి, ఎప్పుడొచ్చావని అడిగేవాళ్లు లేని గదుల్లోకి వస్తారు. చేరిన మొదటి వీకెండ్ నుంచి దాదాపు ఆరు వారాల పాటు ఫ్రెష్‌మన్లకు, అంటే మొదటి ఏడాది విద్యార్థులకు, తాగుడు ముప్పు ఎక్కువని అక్కడి ఆరోగ్య సంస్థలు హెచ్చరిస్తుంటాయి. ఈ ఏడాది డార్మ్‌లో చేరుతున్న మన పిల్లల కోసం, ఆర్‌ఏలుగా (రెసిడెంట్ అసిస్టెంట్లుగా, అంటే డార్మ్‌లో తోటి విద్యార్థుల బాగోగులు చూసేవాళ్లుగా) పనిచేయబోయే సీనియర్ల కోసం, వాళ్లను దింపి రాబోయే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. 21 నిండనివాళ్లు తాగకపోవడమే మంచిదన్నది నా గట్టి అభిప్రాయం. అయితే మీరు ముట్టకపోయినా మీ రూమ్‌మేట్ తాగి రావచ్చు. అప్పుడేం చేయాలో ఆ అర్ధరాత్రి కూర్చుని ఆలోచించే వ్యవధి ఉండదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మందు ఒక్కటే కాదు. పక్కనున్నవాళ్లు భయపడి ఫోన్ చేయకపోవడం. ‘పోలీసులొస్తారేమో’, ‘సస్పెండ్ చేస్తారేమో’, ‘ఇంట్లో తెలుస్తుందేమో’ అనుకుంటూ గంట గడిపేస్తారు. ఆ గంటలోనే పరిస్థితి చేయి దాటిపోతుంది.

తలుపు మూసుకుని తాగితే ఏమవుతుంది

1984లో వచ్చిన ఫెడరల్ చట్టం, 21 ఏళ్లలోపు వాళ్లు మందు కొనడాన్ని అనుమతించే రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెట్టింది. 1988 కల్లా రాష్ట్రాలన్నీ దారికొచ్చాయి. అందుకే ఫ్రెష్‌మన్లకు బార్‌లో పోయరు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కో పార్టీకో వెళ్లాక దొరకదేమోనని, బయల్దేరే ముందే గదిలో తలుపు మూసుకుని గబగబా షాట్లు వేస్తారు. దీన్నే ప్రీగేమింగ్ అంటారు. బీరు డబ్బాల కన్నా వోడ్కా సీసా దాచడం సులువు కాబట్టి గదిలోకి వచ్చేది ఎక్కువగా గాఢమైన మందే. ఖాళీ కడుపు, తక్కువ సమయం, గాఢమైన మందు. ఈ మూడూ ఒకచోట చేరితే ప్రమాదం తప్పదు.

కొలత కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. 5 శాతం బీరైతే 355 మిల్లీలీటర్లు, 40 శాతం వోడ్కా అయితే 44 మిల్లీలీటర్లు. డార్మ్‌లో ఎర్ర ప్లాస్టిక్ గ్లాసులోకి చేతివాటంగా వంచిన వోడ్కా ఒక్కోసారి మూడు నాలుగు డ్రింకులకు సమానం. తాగినవాడు మాత్రం “ఒక్క గ్లాసే” అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు, అతనికి నిజంగానే తెలియదు. రెండు గంటల్లో మగపిల్లలు ఐదు, ఆడపిల్లలు నాలుగు డ్రింకులు తాగితే రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం దాకా వెళ్తుంది. కాలేయమేమో గంటకు సుమారు ఒక డ్రింకు మాత్రమే వదిలించగలదు. ఆ వేగాన్ని పెంచే ఉపాయమేదీ లేదు. పెద్ద డబ్బాలో పళ్లరసం, రకరకాల మద్యాలు కలిపి పోసే పంచ్ జోలికి అస్సలు పోవద్దు. అందులో ఏముందో కలిపినవాళ్లకే తెలియదు.

మొదటి వీకెండ్ రాకముందే

సామాను సర్దుకున్న రోజే చేయాల్సిన పనులు కొన్నున్నాయి. బిల్డింగ్ పేరు, వీధి చిరునామా, రూమ్ నంబర్ ఒక కాగితం మీద రాసి తలుపు లోపలివైపు అంటించండి. హాల్ పేరు అందరికీ నోటికొస్తుంది కానీ అత్యవసర సాయం నంబరు 911కి ఫోన్ చేస్తే అడిగేది వీధి చిరునామా. రాత్రిపూట బయటి తలుపు కార్డు లేకుండా తెరుచుకోదు కాబట్టి ఒకరు కిందికి దిగి అంబులెన్స్ వాళ్లను లోపలికి తీసుకురావాలి, ఇంకొకరు పేషెంట్ దగ్గరే ఉండాలి. క్యాంపస్ పోలీస్ నంబరు, డ్యూటీ ఆర్‌ఏ నంబరు ఫోన్లో పెట్టుకోండి. పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, దేశమంతా ఒకటే, రాత్రింబవళ్లు పలుకుతారు. కానీ మనిషి లేవకపోయినా, శ్వాస సరిగా లేకపోయినా నేరుగా 911కే చేయండి.

తర్వాత మెడికల్ ఆమ్నెస్టీ నిబంధన చదవండి. తాగి ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల కోసం సాయం పిలిస్తే, పిలిచినవాళ్ల మీదా పేషెంట్ మీదా తాగినందుకు చర్య తీసుకోకుండా వదిలేసే ఏర్పాటు ఇది. చాలా యూనివర్సిటీల్లో ఉంది, చాలా రాష్ట్రాలు చట్టం కూడా చేశాయి. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. యూనివర్సిటీ నిబంధన వేరు, రాష్ట్ర చట్టం వేరు. ఒకటి కాపాడిన చోట రెండోది కాపాడకపోవచ్చు. సాధారణంగా ఫోన్ చేసినవాళ్లు అక్కడే ఉండి, పేరు చెప్పి, సహకరించాలన్న షరతు ఉంటుంది. ఫోన్ చేసి మాయమైతే ఆ రక్షణ దక్కకపోవచ్చు. మందు సరఫరా చేసినందుకో, ఎవరినైనా కొట్టినందుకో ఇది మాఫీ కాదు. మీ క్యాంపస్‌లో ఏ మాటలతో రాశారో స్టూడెంట్ హ్యాండ్‌బుక్ తీసి చూడండి.

రూమ్‌మేట్‌తో మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. గదిలో మందు పెట్టొచ్చా, తాగినవాళ్లను తీసుకురావచ్చా అన్నది రూమ్‌మేట్ అగ్రిమెంట్‌లో రాసుకోవచ్చు. “నేను తాగను, కానీ నీకు బాగాలేకపోతే మాత్రం ఫోన్ చేస్తాను, తర్వాత నన్నేమీ అనుకోవద్దు” అని మొదటి వారంలోనే చెప్పేస్తే తర్వాత ఎంతో మేలు. తాగనివాళ్లు కలిసి ఉండే సబ్‌స్టెన్స్ ఫ్రీ హౌసింగ్ చాలా చోట్ల ఉంటుంది. అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. క్యాంపస్‌లో అందరూ తాగుతారన్నది కూడా నిజం కాదు. తోటివాళ్లు తాగేదాన్ని విద్యార్థులు ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటారని పరిశోధనలు చాలాసార్లు చూపించాయి.

‘పడుకుంటే దిగిపోతుంది’ అనుకోవద్దు

ఈ మాట నమ్మే చాలామంది మోసపోతారు. ఆఖరి గ్లాసు తాగిన అరగంట, ముప్పావుగంట తర్వాత కూడా రక్తంలో ఆల్కహాల్ పెరుగుతూనే ఉండొచ్చు. కడుపులో మిగిలిన మందు నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంటుంది. పదకొండింటికి తూలుతూ, నవ్వుతూ మంచమెక్కినవాడు పన్నెండున్నరకు స్పృహలో లేకపోవచ్చు. పైగా మత్తు బాగా ఎక్కితే దగ్గు, కక్కు వచ్చినప్పుడు గొంతును కాపాడుకునే ప్రతిచర్యలు మందగిస్తాయి. వెల్లకిలా పడుకున్న మనిషి కక్కుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

కాబట్టి చూడాల్సినవి ఇవి. పేరు పెట్టి గట్టిగా పిలవండి, భుజం పట్టి కుదపండి. లేవకపోతే ప్రమాదమే. శ్వాస లెక్కపెట్టండి. ఫోన్లో టైమర్ పెట్టి, చెయ్యి ఛాతీ మీద ఉంచి చూడండి. నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువున్నా, ఒక శ్వాసకీ ఇంకో శ్వాసకీ మధ్య పది సెకన్లు దాటినా ప్రమాదమే. ఒళ్లు చల్లబడి చెమ్మగా ఉండటం, పెదాలో గోళ్లో నీలంగా మారడం, మనిషి పాలిపోవడం, ఫిట్స్ రావడం, నిద్రలోనే కక్కుకోవడం కూడా గుర్తులే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలు, మిగతావి కనిపించేదాకా చూస్తూ కూర్చోవద్దు. అనుమానమున్నా ఫోన్ చేసేయండి.

సాయం వచ్చేలోపు మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పైనున్న మోకాలు ముందుకు మడిచి, పై చేతిని చెంప కింద పెడితే వెల్లకిలా దొర్లిపోరు. నోరు కొంచెం కిందికి ఉండాలి. వెల్లకిలా దొర్లకుండా వీపుకు బ్యాగ్ తగిలించి వదిలేసే అలవాటు కొన్ని డార్మ్‌లలో ఉంది. బ్యాగ్ కట్టాం కదా అని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు, అసలు ముప్పు అదే. మనిషి పక్కన మనిషి ఉండాల్సిందే. లాఫ్ట్ బెడ్ పైకి మాత్రం ఎక్కించొద్దు. తాగినవాళ్లు పై మంచం మీద నుంచి పడితే తలకు దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ లక్షణాలు మత్తులాగే ఉంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టండి.

చల్లనీళ్ల స్నానం, కాఫీ, నడిపించడం, వేలు పెట్టి కక్కించడం, వీటిలో ఏదీ మత్తు దింపదు. చల్లనీళ్లతో ఒళ్లు ఇంకా చల్లబడుతుంది, బాత్‌రూమ్‌లో జారిపడతారు. తలనొప్పి తగ్గుతుందని టైలినాల్ (మన పారాసిటమాల్) ఇవ్వొద్దు, మందు తాగిన కాలేయానికి అది హాని చేయొచ్చు. నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే మాత్రలు, నొప్పి మాత్రలు వేసుకుని తాగితే శ్వాస మీద రెండింటి ప్రభావమూ కలిసి పడుతుంది. ఏదైనా మాత్ర వేసుకున్నారని తెలిస్తే 911 వాళ్లకు దాచకుండా చెప్పండి. బయట దొరికే నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు ఉంటున్న కాలమిది. దానికి విరుగుడైన నాలోక్సోన్ స్ప్రే 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే అమ్ముతున్నారు, డార్మ్‌లో ఎక్కడుందో తెలుసుకోండి.

అంబులెన్స్ బిల్లు గురించి టెన్షన్ పడటం సహజమే, అది తక్కువేమీ కాదు. ఇన్సూరెన్స్ ఎంత భరిస్తుందో ముందే చూసుకోండి. ఫోన్ చేయాల్సిన నిమిషంలో మాత్రం ఆ లెక్క పక్కన పెట్టేయండి.

బాగా తాగి ఉన్న మనిషి లైంగిక సంబంధానికి సమ్మతి చెప్పగల స్థితిలో ఉండదు, ఉండడు. పార్టీ నుంచి ఒంటరిగా వెళ్లనివ్వద్దు. “నేను దింపేస్తాలే” అని ముక్కూమొహం తెలియనివాడు ముందుకొస్తే మీరూ వెంట వెళ్లండి.

ఆర్‌ఏగా ఉన్నవాళ్లకు

మీరు పోలీసులు కారు, డాక్టర్లూ కారు. ఈ ఒక్కటి గుర్తుంటే సగం తప్పులు జరగవు. గొడవ వినిపిస్తే ఒంటరిగా వెళ్లకుండా ఇంకో ఆర్‌ఏని తోడు తీసుకెళ్లండి. తలుపు కొట్టి, మీరెవరో చెప్పి, తెరిచేదాకా ఆగండి. బ్యాగులు, ఫ్రిజ్ మీ చేత్తో వెతకొద్దు. చాలా చోట్ల మందు ఉన్నవాళ్ల చేతనే సింకులో పారబోయిస్తారు, మీ హాల్ పద్ధతేమిటో ట్రైనింగ్‌లోనే అడిగి తెలుసుకోండి. ముందుగా అందరి మొహాలూ ఒక్కసారి చూడండి. మూలన ఎవరైనా ముడుచుకుని పడి ఉంటే మిగతావన్నీ ఆపి అతని దగ్గరికి వెళ్లండి. సీసాల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

రిపోర్టులో కళ్లతో చూసింది, చెవులతో విన్నదే రాయండి. ‘తాగి ఉన్నాడు’ అని తీర్మానించడం కాదు. ‘మాట ముద్దగా వచ్చింది, నిలబడటానికి గోడ పట్టుకున్నాడు, బల్ల మీద సగం ఖాళీ అయిన సీసా ఉంది, సమయం 11:40’ అని రాయాలి. మన తెలుగు పిల్లలైతే “అక్కా, ఈ ఒక్కసారికి వదిలెయ్” అంటారు. మనసు కరుగుతుంది. అయినా ఒకరిని వదిలి ఒకరిని రాస్తే ఆ ఫ్లోర్‌లో మీ మాట ఎవరూ నమ్మరు. నమ్మకం పోతే, నిజంగా ఆపద వచ్చిన రాత్రి మీ తలుపు తట్టరు. కఠినంగా మాట్లాడకుండానే నిక్కచ్చిగా ఉండొచ్చు.

కొని తెచ్చిపెట్టే అన్నలకు

“అన్నా, నీకు 21 దాటాయిగా, ఒక్క కేసు బీరు తెచ్చిపెట్టవా” అని జూనియర్ అడిగితే కాదనడం కష్టమే. కానీ 21 నిండనివాళ్లకు మందు ఇవ్వడం నేరం. ఆ రాత్రి ఎవరికైనా ఏమైనా జరిగితే మొదటి ప్రశ్న మీకే వస్తుంది. ఫేక్ ఐడీ వాడినా, అరువిచ్చినా అంతే. తాగి కారు తీయడం గురించి చెప్పనే అక్కర్లేదు. 21లోపు వాళ్లకు ప్రతి రాష్ట్రంలోనూ 0.02 శాతం లేదా అంతకన్నా తక్కువ పరిమితి ఉంది, ఒక్క డ్రింక్‌తో దాన్ని దాటేయొచ్చు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు తాగి నడిపి అరెస్టయితే, శిక్ష పడకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది.

అమ్మానాన్నలు దింపి వెళ్లే ముందు

యూనివర్సిటీలు ఏటా అక్టోబర్ 1 లోపు క్యాంపస్ నేరాల వివరాలు బయటపెట్టమనే క్లియరీ చట్టం కింద భద్రతా నివేదిక ప్రచురిస్తాయి. మద్యం చట్టాల ఉల్లంఘనకు సంబంధించిన అరెస్టులు, క్రమశిక్షణ కేసులు అందులో ఉంటాయి. ఒకసారి చూడండి. అంకెలు ఎక్కువున్నంత మాత్రాన ఆ క్యాంపస్ చెడ్డదని కాదు, పట్టించుకుని నమోదు చేస్తూ ఉండొచ్చు. 21లోపు పిల్లలు మందు విషయంలో నిబంధన తప్పితే వాళ్ల అనుమతి లేకుండానే తల్లిదండ్రులకు తెలియజేసే వీలు 1998 నుంచి కాలేజీలకు ఉంది. ఉంది కదా అని అందరూ చెప్పరు. ఆ కాలేజీ ఏం చేస్తుందో ఓరియెంటేషన్‌లో అడగండి.

పిల్లలతో తాగొద్దని చెప్పండి, తప్పకుండా చెప్పాలి. దానితోపాటే ఇంకో మాట కూడా చెప్పండి: “ఏ రాత్రైనా, నీకైనా నీ స్నేహితుడికైనా బాగాలేకపోతే ముందు 911కి చెయ్యి, తర్వాత మాకు చెయ్యి. తిట్లు, ప్రశ్నలు తర్వాత చూసుకుందాం.” మన ఇళ్లలో మందు మాట ఎత్తడమే తప్పన్నట్టు ఉంటుంది. ఆ మౌనం వల్లే పిల్లలు దాచడం నేర్చుకుంటారు.

మర్నాడు

మనిషి కోలుకున్నాక తెల్లారగానే ఉపన్యాసం మొదలుపెట్టొద్దు. నీళ్లు, తిండి ఇచ్చి, సాయంత్రం మీరిద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. “రాత్రి నిన్ను లేపితే లేవలేదు, నాకు చాలా భయమేసింది” అని జరిగింది జరిగినట్టు చెప్పండి. చాలామందికి రాత్రి సంగతి గుర్తుండదు, అది కూడా ఒక హెచ్చరికే. మళ్లీ మళ్లీ జరుగుతుంటే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్ ఉంది. తాగుడు అలవాటు గురించి మాట్లాడే బేసిక్స్ అనే చిన్న కార్యక్రమం చాలా యూనివర్సిటీల్లో నడుస్తోంది, రెండు మూడు సార్లు కూర్చుని మాట్లాడటమే తప్ప ముద్ర వేయరు. మనసు మరీ కుంగిపోయి ఉంటే మానసిక సంక్షోభంలో ఆదుకునే హెల్ప్‌లైన్ 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

స్టూడెంట్ కండక్ట్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వస్తే తెరవకుండా వదిలేయకండి. గడువు దాటితే మీరు లేకుండానే నిర్ణయం తీసుకుంటారు. మీటింగ్‌కి వెళ్లండి, జరిగింది క్లుప్తంగా చెప్పండి, ఆమ్నెస్టీ వర్తిస్తుందేమో అడగండి. వీసా మీద ఉండి పోలీసు టికెట్ చేతికి వచ్చి ఉంటే, కోర్టులో ఏదైనా ఒప్పుకునే ముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు చెప్పి, ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.