అమెరికా హైస్కూల్లో 9వ తరగతి గ్రేడ్లు: కాలేజీ ప్రవేశానికి వాటి బరువెంత, తగ్గితే ఏం చేయాలి

అమెరికాలో కాలేజీ దరఖాస్తులు 12వ తరగతి మొదటి సగంలోనే వెళ్లిపోతాయి. అప్పటికి చేతిలో ఉండేవి 9, 10, 11 తరగతుల గ్రేడ్లు మాత్రమే కనుక, స్కూలు లెక్కగట్టే జీపీఏలో (గ్రేడ్ పాయింట్ల సగటులో) 9వ తరగతి వాటా దాదాపు మూడో వంతు. ‘ఏ’ గ్రేడుకు 4, ‘బీ’కి 3, ‘సీ’కి 2 పాయింట్లు అనుకుంటే, 9లో అన్నీ బీలు తెచ్చుకుని, ఆ తర్వాత రెండేళ్లూ అన్నీ ఏలే తెచ్చుకున్న విద్యార్థి సగటు 3.67 దగ్గర ఆగిపోతుంది. ఈ అంకెను చూసి బెంబేలెత్తే ముందు, పిల్లలు దరఖాస్తు చేయదలచుకున్న కాలేజీలు జీపీఏను ఎలా లెక్కిస్తాయో విడివిడిగా తెలుసుకోవాలి.

ఎందుకంటే లెక్క అన్నిచోట్లా ఒకటి కాదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు 9వ తరగతి పూర్తయిన వేసవి నుంచి 11 పూర్తయిన వేసవి దాకా చదివిన ‘ఏ-జీ’ కోర్సులతోనే (ప్రవేశానికి ఆ యూనివర్సిటీ తప్పనిసరి చేసిన హైస్కూల్ సబ్జెక్టులతోనే) జీపీఏ కడతాయి కాబట్టి, పైన చెప్పిన విద్యార్థికి అక్కడ లెక్కలో పడేది 3.67 కాదు, 4.0. అయితే 9వ తరగతిని అవి పట్టించుకోవని అర్థం చేసుకోకూడదు. ఆ ఏడాది చదివిన ఏ-జీ కోర్సులో కనీసం సీ రావాలి, డీ వస్తే ఆ కోర్సు చదివినట్టు లెక్క కాదు. గణితంలోనూ, ఇంగ్లీషేతర భాషలోనూ మాత్రం పై కోర్సులో తెచ్చుకున్న మంచి గ్రేడు కింది లోటును పూడ్చే వీలుంది. ఉదాహరణకు ఆల్జీబ్రా 1లో వచ్చిన డీని ఆల్జీబ్రా 2లో వచ్చిన సీ సరిదిద్దుతుంది. మిగతా సబ్జెక్టుల్లో డీ వచ్చిన కోర్సును మళ్లీ చదవడమే సాధారణంగా దారి. సీ వచ్చిన కోర్సును గ్రేడు పెంచుకోవడానికి మళ్లీ చదివినా అక్కడ ఉపయోగం లేదు కనుక, ఆ వేసవిని వృథా చేసుకోకండి.

టెక్సస్‌లో పరిస్థితి ఇందుకు దాదాపు తలకిందులు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, 1997 నాటి చట్టం ప్రకారం, హైస్కూల్లో మొదటి 10 శాతంలో నిలిచిన రాష్ట్ర విద్యార్థులకు నేరుగా ప్రవేశం ఇస్తాయి. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ మాత్రం గట్టి పోటీ వల్ల ఈ గీతను 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) ప్రవేశాల నుంచి 5 శాతానికి కుదించింది. క్లాసు ర్యాంకు 9వ తరగతి మొదటి సెమిస్టర్ నుంచే పోగవుతుంది, వందలాది మంది ఉన్న బ్యాచ్‌లో పాయింటులో పదో వంతు తేడా చాలా స్థానాలను కదిలిస్తుంది. ర్యాంకు లెక్కలో ఏయే కోర్సులు పడతాయో, ఆనర్స్ (మామూలు కన్నా కష్టమైన), ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కోర్సులకు ఎన్ని పాయింట్లు కలుపుతారో స్కూలు డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) నియమాల్లో ఉంటుంది. 9లో చేరకముందే అది చదవడం మంచిది.

నా దృష్టిలో 9వ తరగతి అసలు ప్రభావం అంకెలో కంటే కోర్సుల వరుసలోనే ఎక్కువ. ఆ ఏడాది ఆల్జీబ్రా 1 చదివే విద్యార్థి జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్‌క్యులస్ మీదుగా వెళ్తాడు కనుక, మధ్యలో ఒక వేసవి కోర్సో, ఒకే ఏడాది రెండు గణిత కోర్సులో తీసుకోకపోతే 12లో కూడా కాల్‌క్యులస్‌కు చేరలేడు. ఇంజనీరింగ్ ఆశించేవారికి ఇది ఒక బీ గ్రేడు కన్నా పెద్ద లోటు. అందుకని గ్రేడు కాపాడుకోవాలని తేలిక కోర్సుల్లోకి దిగడమూ, తట్టుకోలేనన్ని ఆనర్స్ కోర్సులు నెత్తిన వేసుకోవడమూ రెండూ నష్టమే. ఇప్పటికే బాగా చేస్తున్న ఒకటి రెండు సబ్జెక్టుల్లో ఆనర్స్ తీసుకుని, 10లో మరొకటి కలుపుకోవడం సురక్షితం.

గ్రేడు ఇప్పటికే జారిపోయి ఉంటే, సెమిస్టర్ ముగిసేదాకా ఆగకుండా ముందుగా ఆ సబ్జెక్టు టీచర్‌ను కలవాలి. పోయిన మార్కులు పరీక్షల్లోనా, ఇవ్వని హోంవర్కుల్లోనా అన్నది ఆన్‌లైన్ గ్రేడుబుక్ వరుస వరుసగా చూపిస్తుంది, చాలాసార్లు అందులో కనిపించే సున్నాలే అసలు కారణం. ఆ తర్వాత స్కూలు కౌన్సెలర్‌తో (కోర్సులు, కాలేజీ దరఖాస్తుల్లో సలహా ఇచ్చేవారితో) మాట్లాడి, వచ్చే ఏడాది కోర్సులను ఆ సబ్జెక్టు నుంచి తప్పించుకోకుండా ఎంచుకోవాలి. బయాలజీలో సీ వచ్చి, కెమిస్ట్రీలో బీ, ఏపీ బయాలజీలో ‘ఏ’ వచ్చిన ట్రాన్‌స్క్రిప్ట్‌ను (అన్నేళ్ల గ్రేడ్ల పట్టికను) అడ్మిషన్ అధికారి ఒక సీగా కాక, ఎదుగుదలగా చదువుతారు.

అనారోగ్యం, ఇంట్లో మరణం, ఊరు మారడం వంటి నిజమైన కారణం ఉంటే కామన్ అప్లికేషన్‌లోని (చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే ఆన్‌లైన్ ఫారంలోని) అదనపు సమాచారం విభాగంలో రాయవచ్చు. అక్కడ సాకులకు చోటివ్వకండి. ‘9వ తరగతి మొదటి సెమిస్టర్‌లో మా నాన్నకు ఆపరేషన్ జరిగి ఆరు వారాలు సరిగా బడికి వెళ్లలేకపోయాను, రెండో సెమిస్టర్ నుంచి నా గ్రేడ్లు కోలుకున్నాయి’ అన్నంత సూటిగా రాస్తే చాలు. అదే విషయం కౌన్సెలర్ తన సిఫారసు లేఖలోనూ ప్రస్తావిస్తే మరింత బలం చేకూరుతుంది కనుక, 11వ తరగతి ముగిసేలోపే ఆయనకో ఆమెకో ఆ వివరం చెప్పి ఉంచాలి.